పెండ్లి కార్డు అడ్డం పెట్టిన మనిషి

సార్ పదకొండో రోజు భోజనాలకు మిర్యాలగూడ వెళ్లాను. టెంటు కింద కూర్చున్నవాళ్లంతా ఆయన గురించి రెండే మాటలు చెప్పుకుంటున్నారు. ఒకటి, ఎవరినీ పల్లెత్తు మాట అనేవాడు కాదని. రెండు, కంప్యూటర్లో ఏదో చేసేవాడని. ఆ ఏదో ఏమిటో చెప్పాలంటే నాకూ కష్టమే. పన్నెండేళ్లుగా అదే పని చేస్తున్నా మా అమ్మకు ఇంతవరకు అర్థమయ్యేలా చెప్పలేకపోయాను. ఇక మొదటి మాట శుద్ధ అబద్ధం. నన్ను ఆయన అనని మాట లేదు.

బల్ల మీద ఫొటో పెట్టి దండ వేశారు. ఫొటోలో ఆయనకు కళ్లద్దాలు లేవు. కళ్లద్దాలు లేని ఆయన్ని నేను ఒక్కసారే చూశాను కాబట్టి ఎవరింటికో వచ్చానా అని కాసేపు అనుమానం కలిగింది. ఆయన భార్య నా చెయ్యి పట్టుకుని, "మీ సారు నీ పేరు తియ్యని దినం లేదు బిడ్డా" అన్నారు. విస్తరి ముందు కూర్చున్నాను. పోయిన మనిషి మీద దుఃఖం ఉంది, దాని అడుగున తొమ్మిదేళ్ల నాటి ఫిర్యాదు ఒకటి ఉంది. ఆయన ఉండగా ఆ సంగతి సరిగా మాట్లాడుకోలేదు. ఇంక మాట్లాడుకునే వీలూ లేదు.

మా ఆఫీసు సూర్యాపేటలో, ఒక ఎరువుల దుకాణం మీద గదిలో ఉండేది. ఆఫీసంటే మూడు కంప్యూటర్లు, ఒక ప్రింటరు, ఆయన, నేను. రైస్ మిల్లుల కాంటాలకు, రక్తపరీక్షల ల్యాబులకు ప్రోగ్రాములు రాసేవాళ్లం. ఆయన రోజూ మిర్యాలగూడ నుంచి బస్సులో వచ్చేవారు. ఒక చేతిలో టిఫిన్ డబ్బా, ఇంకో చేతిలో గుడ్డ సంచి. సంచిలో పాత పెండ్లి కార్డులుండేవి. మొదట్లో నేను సంబంధాలు చూసే మనిషేమో అనుకున్నాను.

చేరిన వారంలోనే నేను రాసిన కాంటా ప్రోగ్రామ్ ఒకటి తప్పు బరువు చూపించింది. హైదరాబాదులో కోర్సు చేసి వచ్చిన దాన్ని, పనితనం చూపించాలి కదా. ఇక్కడొకటి మార్చి నడిపిస్తాను, అక్కడొకటి మార్చి నడిపిస్తాను. ఆయన అరగంట చూసి కుర్చీ జరుపుకుని పక్కన కూర్చున్నారు.

"ఏం చేస్తున్నవమ్మా?"

"బగ్ ఎక్కడుందో చూస్తున్న సార్."

"సూస్తలేవు. కండ్లు మూసుకొని తడుముతున్నవ్. ముందు డీబగ్గర్ల పెట్టు."

డీబగ్గర్ అంటే తెలియనివాళ్లకు ఒక్క ముక్కలో చెప్తాను. ప్రోగ్రామ్ మామూలుగా రెప్పపాటులో వేల లైన్లు దాటి వెళ్లిపోతుంది. డీబగ్గర్ దాన్ని మనకు కావలసిన చోట నిలబెడుతుంది. మీట నొక్కితే ఒక్క లైను కదులుతుంది, మళ్లీ ఆగుతుంది. అలా ఆగినప్పుడు లోపల ఏ పేరు కింద ఏ విలువ ఉందో తెర అడుగున కనిపిస్తుంది. ఆయన సంచిలోంచి ఒక పెండ్లి కార్డు తీసి, సరిగ్గా ఆ అడుగు భాగం కనిపించకుండా అడ్డం పెట్టారు.

"ఇప్పుడు దీని కింద ఏమున్నదో చెప్పు."

"కార్డు తీస్తే కనిపిస్తది కద సార్."

"దాంట్ల ఉన్నది కనిపిస్తది. నీ తలకాయల ఉన్నది కనిపియ్యదు గద. ముందు చెప్పు, తర్వాత సూద్దాం."

చెప్పేదాకా మీట నొక్కనిచ్చేవారు కాదు. చెప్పాక కార్డు పైకెత్తేవారు. నేను చెప్పింది, అక్కడున్నది ఒకటైతే తర్వాతి లైనుకు పోవాలి. ఒకటి కాని చోట కార్డుతో తెర మీద మెల్లగా కొట్టి, "గిదే. తప్పు దీంట్లనన్న ఉండాలె, నీ తలకాయలనన్న ఉండాలె" అనేవారు. నూటికి తొంభైసార్లు నా తలకాయలోనే ఉండేది. ఆ కార్డుల మీద ఎవరెవరివో పేర్లు, ముహూర్తాలు, విందు ఎక్కడో అన్నీ నాకు కంఠతా వచ్చేశాయి. చూడకుండా చెప్పమంటే మనిషి చూపు అటే పోతుంది.

బగ్ అన్న మాట ఆయనకు పడేది కాదు. "పురుగంటే అదే ఎటునుంచో వచ్చి దూరినట్టు. తప్పు అను. తప్పంటే చేసినోళ్లుంటరు" అనేవారు. రెండు వేళ్లతో టైపు చేసేవారు. టీ గ్లాసు మీద మీగడ కట్టేదాకా ముట్టేవారు కాదు. డీబగ్గర్లో రెండు మీటలుంటాయి. ఒకటి నొక్కితే లోపలికి దిగకుండా పక్క నుంచి దాటిపోవచ్చు, ఇంకోటి నొక్కితే లోపలికి దిగాలి. ఆయన దాటే మీట నొక్కగా నేను చూడలేదు. ఎప్పుడో రాసి, వందసార్లు సరిగ్గా నడిచిన ముక్క అయినా సరే, లోపలికి దిగి చూసి రావాల్సిందే. అరగంటలో అయ్యే పని పూట పట్టేది. నేను విసుక్కునేదాన్ని. ఆయన నన్ను "ఉరుకులాడి పిల్ల" అని తిట్టేవారు.

ఒక సంగతి చెప్తేగాని ఆయన తెలియరు. మిర్యాలగూడలో ఒక మిల్లు కాంటా మా ప్రోగ్రామ్ వల్ల పొద్దుటి నుంచి నిలిచిపోయింది. లారీలన్నీ ఆగిపోయాయి. ఇద్దరం వెళ్లి మధ్యాహ్నానికి బాగుచేశాం. మిల్లు యజమాని సరే పొమ్మన్నాడు. ఈయన పోలేదు. లారీల నీడన కూర్చున్న హమాలీల దగ్గరికి వెళ్లి, కళ్లద్దాలు తీసి జేబులో పెట్టుకుని, "మీ పొద్దు పాడైంది. కాంటది తప్పు కాదు, మిల్లోళ్లది కాదు. నేను రాసిన దాంట్ల తప్పున్నది" అన్నారు. వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒకాయన, "ఏం కాదుతీ సారూ" అని జరిగి చోటిచ్చాడు. వెళ్లి వాళ్ల మధ్య కూర్చున్నారు. నేను సిగ్గుతో చచ్చి ఆటో దగ్గర నిలబడ్డాను. తర్వాత చాలాసార్లు ఆ రోజును తలచుకుని గర్వపడ్డాను.

అలాంటి మనిషి కాబట్టే నా ఫిర్యాదు అంత పెద్దది.

తొమ్మిదేళ్ల కిందట, నాట్లు అయిపోయిన రోజుల్లో, కోదాడలో మేం ప్రోగ్రామ్ ఇచ్చిన ఒక ల్యాబు యజమాని ఫోన్ చేశాడు. సార్ స్పీకర్ పెట్టారు.

"సార్, ఇక్కడొక పెద్దాయన గొడవ చేస్తున్నాడండి. రెండు నెలల కిందట మన దగ్గర పరీక్ష చేయించుకుంటే కిడ్నీలు పాడయ్యాయని రిపోర్టు వచ్చింది. హైదరాబాదులో మళ్లీ చేయిస్తే ఏమీ లేదన్నారంట. మా ల్యాబు అమ్మాయి పుస్తకంలో రాసుకున్నదీ బాగానే ఉందండి. మీ సాఫ్ట్‌వేర్ ప్రింటు చేసిందే తేడాగా ఉంది."

పెద్దాయన పేరు సక్రు. పాలకీడు అవతల ఒక తండా నుంచి వచ్చాడు. సార్ ఒక్కటే అడిగారు, ఆ రోజు పుస్తకంలో అదే పేరుతో ఇంకెవరైనా ఉన్నారా అని. ఉన్నారు. అదే తండా నుంచి, అదే ఆటోలో, ఇంకో సక్రు వచ్చాడు. వయసు ముప్పై ఆరు. ఇద్దరూ ఇచ్చిన ఫోన్ నంబరు ఒకటే.

ఆ రోజు పుస్తకంలో ఉన్నదంతా మా కంప్యూటర్లో వరసగా ఎక్కించడం మొదలుపెట్టాం. మీట మీద నా వేలు. తెర అడుగున ఆయన కార్డు.

"మొదటి సక్రును ఎక్కించినవ్. ఇప్పుడు ఎంతమందున్నరు?"

"ఒక్కరు సార్."

కార్డు ఎత్తారు. ఒకటి.

"రెండో సక్రును ఎక్కించు. ఇప్పుడు?"

"ఇద్దరు."

కార్డు ఎత్తారు. ఒకటే ఉంది.

లోపలికి దిగాం. ఆగవలసిన లైను దగ్గర ఆగింది. అది నేను రాసిందే. పేరు, ఫోన్ నంబరు రెండూ కలిస్తే కొత్త మనిషి కాదు, పాత మనిషే అని దాని అర్థం. ల్యాబు అమ్మాయి ఒకే మనిషిని రెండుసార్లు ఎక్కిస్తోందని యజమాని మొత్తుకుంటే, ముచ్చటపడి రాశాను. రాసిన రోజు నన్ను నేను మెచ్చుకున్నాను కూడా. దాంతో ఇద్దరు సక్రుల రక్తమూ ఒకే మనిషి కింద పడింది. చివర ఎక్కిన ఫలితం, అంటే పెద్దాయనది, ముందు ప్రింటయి, వరసలో ముందున్న చిన్న సక్రు చేతికి వెళ్లింది. చిన్న సక్రుది పెద్దాయన చేతికి వెళ్లింది.

"గిట్లెందుకు రాసినవ్?"

"ఒక్క నంబరు ఇద్దరికి ఉండదు కద సార్."

"తండాకు ఎన్నడన్న పోయినవా?"

"లేదు సార్."

"ఆటో ఆయన నంబరే అందరి నంబరు. కబురు ఆయన ఫోనుకే వస్తది, రిపోర్టు ఆయనే చదివి చెప్తడు. శుక్రారం పుట్టినోళ్లందరు సక్రులే." ఆయన గొంతు లేవలేదు. చుక్క తప్పితే తిట్టే మనిషి ఆ రోజు ఒక్క మాట అనలేదు.

ల్యాబు యజమానికి చెప్తే, "ఆ లైనేదో సరిచేసి వదిలేయండి సార్. పాతవి కెలకొద్దండి" అన్నాడు.

"లైను పది నిమిషాల పని. ఆ చిన్నాయన కిడ్నీలు మంచిగున్నయ్ అనుకొని తిరుగుతున్నడు గద" అని ఫోన్ పెట్టేశారు. ఆటో ఆయన నంబరు కలవలేదు. టీ మీద మీగడ కట్టకముందే లేచాం.

హుజూర్‌నగర్లో బస్సు మారి పాలకీడు వెళ్లాం. దారంతా ఆయన చెప్పవలసిన మాటలు వరస పెట్టుకున్నారు. "తప్పు మాది అని ముందు చెప్పాలె. తర్వాత రిపోర్టు మారిందని చెప్పాలె. తర్వాత ఈ పొద్దే దవాఖానకు పోవాలె అని చెప్పాలె. ఆ వరస మారొద్దు." నేను తలూపుతూ కూర్చున్నాను. ఆ మనిషికి ఏమీ కాకూడదని ఎందరు దేవుళ్లకు మొక్కానో లెక్కలేదు.

ఆ ఇంటి ముందు ఒక ఆమె కూర్చుని ఉంది. నాకంటే ఐదారేళ్లు పెద్దదేమో. మెడలో, చేతులకు ఏమీ లేవు. మమ్మల్ని చూసి పింఛను రాసుకునేవాళ్లనుకుంది. లేచి, లోపలికి వెళ్లి, భర్త ఆధార్ కార్డు తెచ్చింది.

"పదిహేను దినాలైంది సార్ పోయి" అంది.

సార్ అరుగు మీద కూర్చున్నారు. ఏమైందమ్మా అని అడిగారు.

"కాళ్లు వాసినయ్ అన్నడు. బువ్వ సయిస్తలేదన్నడు. కోదాడ పోయి రగతం ఇచ్చి వచ్చిండు. ఆటో ఆయన రిపోర్టు సూసి, అంత మంచిగనే ఉన్నది అన్నడు. మంచిగుంటె ఇంట్ల పండుడెందుకని నేనే ఒర్రిన సార్. పనిదొంగవు అన్న. నాట్లకు నేనే తోలిన. దినాం తోలిన. పొలంలనే పడిపోయిండు." ఆమె ఏడవడం లేదు. ఎవరికో సాక్ష్యం చెప్తున్నట్టు చెప్తోంది. "మా అత్త నన్ను మొగుణ్ని మింగిన దానివంటది. నిజమే గద సార్."

సార్ నోరు తెరిచారు. అప్పటికే నేను కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తున్నాను. ఆయన నా వైపు చూశారు. ఆమె కూడా నా వైపు చూసి, పాపం ఎవరో మెత్తని మనసు పిల్ల అనుకుని ఉంటుంది. సార్ నోరు మూసుకున్నారు. పిల్లల పేర్లు అడిగారు. పింఛను కాగితం ఎవరికివ్వాలో చెప్పారు. తర్వాత లేచి, "ఇగ పోదాం" అన్నారు.

మర్నాడు లైను మార్చాం. పాత రికార్డులన్నీ తీసి, ఒకే పేరు ఒకే నంబరు ఉన్న ప్రతి మనిషి కాగితాన్ని ల్యాబు పుస్తకంతో సరిచూశాం. ఇంకెక్కడా మారలేదు. నెల తర్వాత ధైర్యం చేసి అన్నాను.

"సార్, ఆమెకు చెప్పాలె కద. తననే తిట్టుకుంటున్నది."

"నువ్వు నీ పని సూస్కో బిడ్డా."

ముందుగా తెలిసుంటే చిన్న సక్రు బతికేవాడా అని తెలిసిన డాక్టరును అడిగాను. చెప్పలేం, కొన్నేళ్లు నడిచేదేమో అన్నాడు. ఆ కొన్నేళ్లు అన్న మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు. సార్ నా కోసమే నోరు మూసుకున్నారని నాకు తెలుసు. తెలిసి లోపల ఊపిరి పీల్చుకున్నాను, అబద్ధమెందుకు. అయినా హమాలీలకు చెప్పిన మనిషి ఆమెకు చెప్పలేదే అని, ఆయన నా కళ్లలో కొంత తగ్గారు. ఆయన చెప్పకపోతే నేను వెళ్లి చెప్పొచ్చు కదా అన్న ఆలోచనను మాత్రం ప్రతిసారీ పక్క నుంచి దాటేశాను. చూపు తగ్గి మూడేళ్ల కిందట ఆయన ఆఫీసు మానుకున్నారు. ఫోన్లో మాట్లాడుకునేవాళ్లం, ఈ సంగతి తప్ప అన్నీ.

భోజనాల దగ్గర్నుంచి తిన్నగా ఇంటికి పోలేకపోయాను. ఆయనకు మిగిలిపోయిన పని నేను చేద్దామనుకున్నాను. పాలకీడు వైపు బస్సెక్కాను.

ఇంటికి ఇప్పుడు స్లాబు పడింది. అరుగు అదే. ఆమె పెసరకాయలు ఒలుస్తోంది. జుట్టు నెరిసింది. నన్ను గుర్తుపట్టలేదు.

"తొమ్మిదేండ్ల కింద ఒక సారుతోటి వచ్చిన అక్కా. కళ్లద్దాల సారు, కంప్యూటర్ పని చేసేటాయన."

ఆమె చెయ్యి ఆగింది. "ఆయనేడి? ఈ ఏడు రాలే."

ఈ ఏడు అనడమేమిటో నాకర్థం కాలేదు. "పోయిండు అక్కా. పదకొండు దినాలైంది."

ఆమె పెసరకాయలను కాసేపు వేళ్లతో అటూ ఇటూ కదిపింది. "పోయిండా" అంది. ఆ మాటలో జాలి లేదు.

"నీకొక సంగతి చెప్పాలె అని వచ్చిన. ఆ రిపోర్టు..."

"తెలుసు. మీరు వచ్చిపోయిన వారానికే ఆయన ఒక్కడు వచ్చిండు. మా అత్తను పిలిపిచ్చి, ఆమె ముంగటనే చెప్పిండు. కాగితం తప్పు వచ్చింది, ఆ తప్పు రాసింది నేనే, మీ కోడలిని ఏమనకున్రి, అనేది ఉంటె నన్ను అనున్రి అన్నడు."

ఆమె తన పనిలో తాను ఒలుస్తూనే చెప్పింది.

"మా అత్త దుమ్మెత్తి పోసింది. నేను చేతికి దొరికింది ఇసిరిన. చెంబు. నొసలు పలిగింది. తుడుసుకొని పోయిండు. మళ్ల ఏడు మళ్ల వచ్చిండు. రాకు అన్న. అయినా వచ్చిండు."

ఆ వారంలో ఆయన నుదుటికి పట్టీ వేసుకుని ఆఫీసుకు వచ్చారు. బస్సులో కడ్డీ తగిలిందంటే, ముందు చూసి నడవాలి కదా సార్ అని నేను నవ్వాను.

"ఎందుకొస్తవ్ అని ఒకసారి అడిగిన. తిట్టెతందుకు నీకొక మనిషి ఉండాలె గద, లేకుంటె మళ్ల నిన్ను నువ్వే తిట్టుకుంటవ్ అన్నడు. నిజమే. ఆయన చెప్పినకాడికెళ్లి నన్ను నేను అనుకునుడు తగ్గింది. అత్త గూడ బందు చేసింది. ఇద్దరం కలిసి ఆయన్నే తిట్టినం."

నేను లేచి వచ్చేయొచ్చు. ఆమె బరువు దిగింది, ఆయన వెళ్లిపోయారు, నా పేరు ఎక్కడా లేదు. ఇంకొక మాట చెప్పి ఎవరికి మేలు చేస్తానో నాకు తెలియలేదు. కానీ ఆ అరుగు మీద అలా కూర్చోవడం నా వల్ల కాలేదు.

"అక్కా, అది రాసింది ఆయన కాదు. నేను. ఆ దినం ఆయన పక్కన ఏడ్సింది నేనే."

ఆమె తలెత్తి నా మొహం చూసింది. ఈసారి గుర్తుపట్టింది. ఏది విసిరినా కదలకూడదనుకుని కూర్చున్నాను.

"నువ్వా?"

"నేనే."

"మరి ఆయనేం చేసిండు?"

"ఏం చెయ్యలే అక్కా. తప్పు ఎక్కడున్నదో నాకు సూపించిండు."

ఆమె చేట పక్కకు జరిపింది. ఒళ్లో పడ్డ పొట్టు దులుపుకుంది. రోడ్డు వైపు తిరిగింది. నన్ను తిడుతుందని చూశాను. నేను అక్కడ ఉన్నట్టే ఆమెకు లేదు.

"ఎనిమిదేండ్లు వచ్చిండు" అంది. "పాలకీడుకాడ బస్సు దిగి, ఎండల వానల నడుసుకుంట వచ్చెటోడు. ఒక్కనాడు మంచినీళ్లు గూడ ఇయ్యలే నేను."